జబ్బు దొరక్కుండా జాగ్రత్తలు

పాత డీజిల్ వ్యాను చలికి పొద్దున్నే మొరాయిస్తుంది. అయిదోసారికో ఆరోసారికో అందుకున్నా అద్దాలు గలగలలాడేలా వణుకుతుంది. దీనికి కారణం కనిపెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. పని తెలిసిన మేస్త్రి గంటలో తేల్చేస్తాడు. ఇబ్బందంతా అక్కడే ఉంది. కారణం తేలిపోతే డ్రైవరుకి టీకొట్టు దగ్గర చెప్పుకోవడానికి కబురుండదు. ఓనరుకి తిట్టడానికి మనిషి దొరకడు. స్పేర్ పార్టుల షాపాయన కూతురి పెళ్లి సంగతి దేవుడెరుగు. అందుచేత జబ్బేమిటో ఎవరికీ అంతుపట్టకుండా బండిని ఏళ్ల తరబడి లాక్కురావడం ఎలాగో తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి చెప్పాలి. ఈ చిట్కాలు అందుకే.

లంబసింగిని ఉదాహరణగా తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో పాదరసం సున్నా దరిదాపులకు దిగుతుంది. మంచు చూడ్డానికి విశాఖ నుంచి వచ్చినవాళ్లు దుప్పట్లు కప్పుకుని ఫొటోలు దిగుతూ ఆంధ్రా కశ్మీరని మురిసిపోతుంటే, వెనకాల ఎక్కడో ఒక వ్యాను సెల్ఫ్ గర్రుగర్రుమని ఏడుస్తూ ఉంటుంది. సంతకి పోవలసిన కాయగూరల మూటలు అందులో ఉంటాయి. ఆ వ్యాను పాత టెంపో ట్రావెలర్ అనుకుందాం. దాని ఇంజన్ వంశం గొప్పది. 1973లో జర్మనీలో మెర్సిడెస్ 240డి కారులో పెట్టిన 2.4 లీటర్ల, నాలుగు సిలిండర్ల ఓఎం616 ఇంజన్ని బజాజ్ టెంపో వాళ్లు లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేశారు. ఆ కంపెనీయే 2005 నుంచి ఫోర్స్ మోటార్స్. సరిగ్గా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు తిరిగే ఇంజన్. సరిగ్గా చూసుకోకపోవడం మన చేతిలో ఉన్న పని.

పాడుచేసేవాడికి కూడా పని తెలిసి ఉండాలి కాబట్టి రెండు ముక్కలు. డీజిల్ ఇంజన్లో నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. సిలిండర్లోకి పీల్చిన గాలిని పిస్టన్ ఇరవై ఒకటో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకి గాలి కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ని తుంపరగా కొడుతుంది. 210 డిగ్రీలు దాటితే డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. కథ మొత్తం ఇదే. నొక్కుడు చాలాలి, సెల్ఫ్ తగిన వేగంతో తిప్పాలి, డీజిల్ వేళకు రావాలి, తుంపరగా రావాలి. చలిలో పుట్టిన వేడిని చుట్టూ ఉన్న ఇనుమే లాగేసుకుంటుంది. ఆ లోటు పూడ్చడానికే హీటర్ ప్లగ్గులు.

ఇంజన్ ఒకసారి వేడెక్కిందా, ఈ నాలుగింటిలో ఏది కాస్త తక్కువైనా మిగతావి సర్దుకుపోతాయి. వేడి ఇంజన్ పెళ్లిచూపుల్లో కూర్చున్న కుర్రాడిలాంటిది. అడిగినదానికల్లా బుద్ధిగా తలూపుతుంది. దాని అసలు గుణం తెల్లవారుజామున మొదటి సెల్ఫ్ కొట్టిన ఆ ఒక్క నిమిషంలోనే బయటపడుతుంది. కనుక మన శత్రువు ఆ నిమిషం. ఇక చెప్పబోయే చిట్కాలన్నీ ఆ నిమిషాన్ని ఎవరి కంటా పడకుండా చేయడానికే.

అన్నిటికన్నా ముందు: బండిని మేస్త్రి దగ్గరికి ఎప్పుడూ వేడిగానే తీసుకెళ్లండి. లంబసింగివాళ్లకి ఈ విషయంలో భగవంతుడే సాయం చేశాడు. మంచి షెడ్డు కావాలంటే ఘాట్ దిగి నర్సీపట్నం పోవాలి. 30 కిలోమీటర్లకు పైనే. దిగేసరికి ఇంజన్ చక్కగా కాగి ఉంటుంది, ఊరి చలి కూడా ఘాట్ మీదే ఉండిపోతుంది. అప్పుడు సంభాషణ ఇలా సాగుతుంది:

"ఏటైందిరా?"

"పొద్దున్న స్టార్టవట్లేదు మేస్త్రీ."

మేస్త్రి సెల్ఫ్ కొడతాడు. సగం తిప్పు తిరక్కుండానే బండి అందుకుంటుంది.

"బానే ఉంది కదేటి?"

"ఇప్పుడు బానే ఉంటాది మేస్త్రీ. పొద్దున్నే..."

"అయితే బ్యాటరీ మార్చీ."

చూశారా, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా నిజం బయటికి రాలేదు. కొందరు దుర్బుద్ధితో, బండిని సాయంత్రమే షెడ్డులో వదిలేసి, మర్నాడు ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా, చల్లటి ఇంజన్ మీద మొదటి సెల్ఫ్ మేస్త్రి చేతే కొట్టించమంటారు. ఒక రాత్రి పడక చార్జీ, ఒక కప్పు టీతో తేలిపోయే పనికి ఎవరైనా ఒప్పుకుంటారా?

రెండోది, పొగ చూడకండి. క్లీనరు కుర్రాణ్ణి సైలెన్సరు వైపు పోనివ్వకండి. వాడు పొరపాటున చూసి వచ్చి "అన్నా, తెల్లగా వస్తంది" అంటే నోరు మూయించండి. ఎందుకంటే సెల్ఫ్ తిరుగుతున్నా అందుకోని బండికి వెనకనుంచి పొగే రాకపోతే డీజిల్ సిలిండర్‌కి చేరట్లేదని అర్థం. కళ్లు మండేలా తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండట్లేదని అర్థం. ఈ ఒక్క తేడాతో వెతకవలసిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. పొగ లేకపోతే ట్యాంకు నుంచి పంపు దాకా చూస్తారు. తెల్లపొగ ఉంటే హీటర్ ప్లగ్గులు, నొక్కుడు, టైమింగు చూస్తారు. అదే తెల్లపొగ తియ్యటి వాసన వేస్తూ, ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే రేడియేటర్‌లోని కూలెంటు హెడ్ గాస్కెట్ దాటి వస్తోందేమోనని అనుమానపడతారు. నీలంగా ఉంటే ఆయిలు. నల్లగా ఉంటే గాలి చాలక డీజిల్ ఎక్కువైందని. ఇంత సమాచారం ఖర్చు లేకుండా వచ్చి గాల్లో కలిసిపోతుంటే మీరు అటు తిరిగి బీడీ ముట్టించుకోండి.

బ్యాటరీ సంగతి. సున్నా డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ తన బలంలో దాదాపు మూడో వంతు పోగొట్టుకుంటుంది. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్లో ఇంజన్ తిప్పడానికి ఎక్కువ బలం కావాలి. పైగా హీటర్ ప్లగ్గులు నాలుగూ కలిసి హెడ్‌లైట్ల కన్నా చాలా ఎక్కువ కరెంటు తింటాయి. ఈ లెక్క తెలిసినవాడు ఏం చేస్తాడంటే, రూపాయి ఖర్చు లేకుండా టెర్మినళ్ల మీద పూసిన తెల్లటి బూజు వేడినీళ్లతో కడిగి, ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య ఎర్త్ తీగ బిగించి చూస్తాడు. తర్వాత మీటరు పెడతాడు. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కి తగ్గకుండా ఉంటే బ్యాటరీని వదిలేసి ముందుకి పోతాడు. మీరు అలా చేయకండి. కొత్త బ్యాటరీ కొని, పాత బూజు టెర్మినళ్లకే తగిలించండి. నెల తిరిగేసరికి కొత్తది కూడా పాతదైపోతుంది.

దారిన పోయే లారీని ఆపి బూస్ట్ అడిగే అలవాటు ఉంటే మరీ మంచిది. పెద్ద లారీలు 24 వోల్టులవి, రెండు బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కదాని నుంచి తీసుకుంటే మీ 12 వోల్టుల వ్యానుకి ప్రమాదం లేదు. కాబట్టి ఈ చివరా ఆ చివరా పట్టుకోండి. హీటర్ ప్లగ్గులు నాలుగూ ఒక్క దెబ్బకి ఎగిరిపోతాయి. ఇకమీదట స్టార్టింగ్ ట్రబుల్‌కి కారణమేమిటన్న సందేహమే ఉండదు కాబట్టి ఈ చిట్కాను నిపుణులు అంతగా మెచ్చుకోరు.

హీటర్ ప్లగ్గుల విషయంలో డాష్‌బోర్డు మీది చిన్న దీపాన్ని పూర్తిగా నమ్మండి. అది వెలిగిందంటే లోపల నాలుగూ ఎర్రగా కాలుతున్నాయని గట్టిగా అనుకోండి. చాలా బళ్లలో ఆ దీపానికి తెలిసింది స్విచ్చి వేశారన్న సంగతొక్కటే. పాతకాలపు చుట్టరకం ప్లగ్గులు ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉండేవి. ఒకటి పోతే అన్నీ చచ్చేవి, దాంతో తప్పు వెంటనే దొరికిపోయేది. తర్వాత వచ్చిన పెన్సిల్ రకం మనకు అనుకూలం. వాటికి కరెంటు విడివిడిగా అందుతుంది కాబట్టి ఒకటి పోయినా మూడు పనిచేస్తాయి. బండి మూడు సిలిండర్ల మీద అందుకుని, నాలుగోది వేడెక్కేదాకా తెల్లపొగ కక్కుతూ ఊగి, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు నిలకడగా నడుస్తుంది. ఈ తీరు కనపడితే మొదటి అనుమానం ప్లగ్గుల మీదే. నాలుగింటినీ కలిపే పట్టీ విప్పి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక బల్బు గుండా తీగ తెచ్చి ప్లగ్గు తల మీద ఆనిస్తే, బల్బు వెలిగినది బతికున్నట్టు, వెలగనిది పోయినట్టు. ఎలక్ట్రీషియన్ కూడా అక్కర్లేదు. కాబట్టి ఇంట్లో బల్బులు దాచేయండి. తప్పక ప్లగ్గు మార్చవలసి వస్తే, పాతదాని గుంతలో ఏళ్లుగా పేరుకున్న మసి తీయకుండా కొత్తది బలవంతంగా బిగించండి. విరిగితే హెడ్ దించాలి.

ఇప్పుడు గాలి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పాత డీజిల్ వ్యాన్ల పొద్దుటి కష్టాల్లో చాలా భాగం ఇందులోనే దాగుంటుంది. దాన్ని దాచినంత సులువుగా ఇంకేదీ దాచలేం.

ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే పైపు డీజిల్‌ని పీల్చుకుంటుంది. పీల్చే పైపుకి చిల్లి పడితే డీజిల్ కారదు, గాలి దూరుతుంది. కింద చుక్క పడదు, వాసన రాదు. పగలంతా నడుస్తూనే ఉంటుంది. రాత్రి బండి ఆగాక ఆ చిల్లిలోంచి గాలి మెల్లగా దూరి, పైపులో నిలిచిన డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున్న సెల్ఫ్ కొట్టగానే పంపులో మిగిలిన కొంచెం డీజిల్‌తో బండి వెంటనే అందుకుంటుంది, కొన్ని క్షణాలు నడుస్తుంది, ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత కొట్టినా అందుకోదు. ప్లగ్గులు పోయిన బండి తీరు దీనికి తలకిందులు. అది మొదట అందుకోదు, అందుకున్నాక ఆగదు. రెండింటినీ కలిపేసి "స్టార్టింగ్ ట్రబుల్" అనే ఒక్క మాటతో చెప్పడం నేర్చుకోండి. మేస్త్రి ఎంత గుచ్చి గుచ్చి అడిగినా అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పకండి.

మరి రోజూ స్టార్టు చేయడం ఎలా అంటారా? చేతి పంపు ఉంది కదా. ఫిల్టరు పక్కనున్న ప్రైమర్‌ని క్లీనరు చేత కొట్టించండి. ఎయిర్ తీయండి. మర్నాడు మళ్లీ కొట్టించండి. అలా కొట్టీ కొట్టీ ప్రైమర్ వాషరు అరిగిపోయి, అక్కణ్ణుంచి కూడా గాలి పీల్చడం మొదలవుతుంది. ఒక చిల్లి రెండు చిల్లులయ్యాక మొదటిదాన్ని కనిపెట్టడం కష్టం.

కొందరు మేస్త్రులు పంపుకి ముందు జానెడు పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు వేస్తారు. అందులో బుడగలు పరుగెడితే గాలి వస్తున్నట్టే. ఒప్పుకోకండి. ఇంకొందరు డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, ఇంజన్ కన్నా ఎత్తున వేలాడదీసి, దాన్నుంచి నేరుగా పంపుకి పైపు ఇస్తారు. రాత్రంతా అలా ఉంచి పొద్దున్న బండి బుద్ధిగా అందుకుంటే తప్పు ట్యాంకుకీ ఇంజన్‌కీ మధ్యనున్న పైపుల్లోనే ఉందని తేలిపోతుంది. అంతకన్నా ప్రమాదకరమైనది ఏజెన్సీలోనే దొరికే ప్రయోగం. రాత్రి బండిని ముక్కు పల్లానికి, తోక మిట్టకి ఉండేలా ఆపి, చక్రాలకి రాళ్లు పెడతారు. వెనకనున్న ట్యాంకు ఇంజన్ కన్నా ఎత్తున ఉంటుంది కాబట్టి డీజిల్ వెనక్కి జారదు. పొద్దున్న స్టార్టయితే సమాధానం దొరికినట్టే. లంబసింగిలో చదునైన నేలకే కరువు గానీ వాలుకి కరువు లేదు. కాబట్టి బండిని ఎక్కడ ఎటు తిప్పి ఆపుతున్నారో జాగ్రత్తగా గమనించుకుని, వరసగా రెండు రాత్రులు ఒకేలా ఆపకండి.

చిల్లి ఎక్కడో దొరికిపోయిందే అనుకోండి, అప్పటికీ ఆశ వదులుకోనక్కర్లేదు. నాజిళ్ల మీదుగా పోయే రిటర్న్ పైపు అల్లిక విడిపోయి ఉంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. సైకిల్ ట్యూబు రబ్బరు డీజిల్ తాగితే ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. రాగి వాషర్లు మార్చవలసినచోట పాతవే తిప్పి వేయండి. దారాల మీద తెల్ల టేపు చుట్టండి. దాని పోగులు మెల్లగా పంపులోకి ప్రయాణిస్తాయి. ఎం-సీల్ గురించి వేరే చెప్పనక్కర్లేదు.

చలికి డీజిల్ గడ్డకడుతుందా అని అడిగేవాళ్లుంటారు. పూర్తిగా గడ్డకట్టదు గానీ అందులోని మైనం పొరలుగా విడిపోయి ఫిల్టరుని మూసేస్తుంది. మన దేశపు ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం చలికాలం డీజిల్ 6 డిగ్రీల దాకా, మిగతా కాలం డీజిల్ 18 డిగ్రీల దాకా ఫిల్టరు గుండా పారితే చాలు. మైదానంలో ఇది పుష్కలం. జనవరి మంచులో రాత్రంతా ఆరుబయట నిలబడ్డ వ్యానుకి, అందులోనూ ఏడాది నుంచి ఫిల్టరు మార్చని వ్యానుకి, ఇది చాలకపోవచ్చు. దీనికి మనవాళ్లు ట్యాంకు కింద కట్టెపుల్లలు పేర్చి మంట పెట్టడం అనే ఉపాయం కనిపెట్టారు. ఇంకో ఉపాయం, డీజిల్లో కిరసనాయిలు కలపడం. కిరసనాయిలుకి జిడ్డు తక్కువ, పంపు లోపలి సన్నటి భాగాలకి డీజిలే ఆయిలు కాబట్టి అవి అరగడం మొదలవుతుంది. రేషన్ కిరసనాయిలుకి నీలం రంగు కలిపేది ఇలాంటి కల్తీని పట్టుకోవడానికే. మనకి కావలసింది పంపు అరగడం కనుక రంగు చూసి భయపడకండి.

ఏమీ తోచనప్పుడు డీజిల్ మీదకే తోసేయండి. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-6 డీజిల్ అమ్ముతున్నారు, గంధకం పదిలక్షల్లో 50 భాగాల నుంచి 10 భాగాలకు తగ్గింది. "కొత్త డీజిల్ పాత బండికి పడదు" అన్న వాక్యం టీకొట్టు దగ్గర ఎప్పుడన్నా పదిమంది తలలూపుతారు. ఫిల్టరు అడుగున మరచుట్టు తిప్పి నీళ్లు దించారా అని మాత్రం ఎవరూ అడగరు.

ఇక వణుకు. స్లోస్పీడులో బండి దడదడలాడుతుంటే అందరికన్నా తెలివైన పని, స్లోస్పీడు స్క్రూ ఒక చుట్టు బిగించడం. 700, 800 తిప్పుల దగ్గర నడవాల్సిన ఇంజన్ని 1100కి తెస్తే వణుకు మాయమవుతుంది. జబ్బు అలాగే ఉంటుంది, మనకి కనపడదు. ఇంతకన్నా కావలసిందేముంది? నాలుగో సిలిండర్ నాలుగో సిలిండరే, దాని వంతు కూడా మిగతా మూడూ లాగుతుంటాయి. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చి ఇంజన్ ఇనుము మీద ఇనుముగా కూర్చుని ఉన్నా వణుకే వస్తుంది. అప్పుడు రబ్బర్లు వదిలేసి పంపు విప్పండి.

నడుస్తున్న ఇంజన్ మీద నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటిగా కొంచెం వదులుచేసి మళ్లీ బిగించే పద్ధతి ఒకటుంది. ఏ నట్టు వదిలితే ఇంజన్ ఇంకా తడబడుతుందో ఆ సిలిండర్ మంచిది. ఏది వదిలినా ఇంజన్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదో తప్పు అక్కడుంది. అయిదు నిమిషాల పని, ఒక స్పానరు, ఒక గుడ్డముక్క. ఇక్కడ మాత్రం వేళాకోళం పక్కన పెడుతున్నాను: విప్పిన నాజిల్ ఎలా కొడుతోందో చూద్దామని చెయ్యి అడ్డం పెట్టకండి. వందకు పైగా వాతావరణ పీడనాలతో వచ్చే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో ఉండదు. గంటల్లో లోపల కుళ్లి వేలు తీసేయవలసి రావచ్చు. అలా జరిగితే పసుపు అద్దకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

తిరిగి మన దారికి వద్దాం. ఏ సిలిండరో తెలియనప్పుడే నాలుగు నాజిళ్లూ టెస్టింగ్‌కి, పంపు పంపుషెడ్డుకి, అదే రోజు టైమింగు సర్దుబాటు, పనిలో పనిగా కొత్త ఫిల్టరు కూడా చేయించేయండి. ఒకేసారి అయిదు పనులు చేయిస్తే బండి బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, బాగవకపోతే ఎందుకు బాగవలేదో తెలియదు. ఒక్కసారి ఒక్కటే మార్చి, మర్నాడు చల్లటి ఇంజన్ మీద చూసి, కాగితం మీద రాసుకునే పిసినారులు మన దారికి రారు. పంపు గురించి ఒక మాట. 1951లో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పొట్టిపేరు మైకో. 2008లో అది బాష్ అని పేరు మార్చుకున్నా మన షెడ్డుల్లో ఇప్పటికీ ఏ కంపెనీది వచ్చినా మైకో పంపే. ఆ పంపు మీద సీలు వేసిన స్క్రూలు కొన్ని ఉంటాయి. కొలబద్ద బల్ల మీద పెట్టి సరిచేసినవి. పిక్‌అప్ పెరుగుతుందని ఎవరైనా చెబితే సీలు తెంపి తిప్పేయండి. పొగ చిక్కగా నల్లగా మారుతుంది. బీఎస్-4కి ముందు బళ్లకి పొల్యూషన్ పరీక్షలో పొగ హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. ఆ గండం వచ్చిననాడు చూసుకోవచ్చు.

టాపెట్లు చప్పుడు చేయకపోతే సంతోషించండి. చప్పుడు చేసే టాపెట్‌లో సందు ఎక్కువుందని, చప్పుడే చేయని టాపెట్‌లో సందే లేదేమోనని, సందు లేక వాల్వు పూర్తిగా మూసుకోకపోతే నొక్కుడు జారిపోయి చలిలో బండి అందుకోదని, ఆ వాల్వు కాలిపోతుందని చెప్పే మేస్త్రిని మార్చేయండి. ఫీలర్ గేజి పట్టుకుని నిలబడే మనిషి ఎప్పుడూ అనుమానాస్పదుడే. కంప్రెషన్ గేజి పట్టుకున్నవాడు ఇంకా ఎక్కువ. నాలుగు సిలిండర్ల నొక్కుడు కొలిచి పక్కపక్కన రాస్తే ఏది బలహీనమో అంకెల్లో తెలిసిపోతుంది. కొలవకుండానే "బోరుకొచ్చింది, ఇంజన్ దించేద్దాం" అనేవాడి మాటలో ఎంత ధైర్యం, ఎంత తెగింపు!

చివరి అస్త్రాలు కొన్ని మిగిలాయి. గాలి పీల్చే గొట్టం దగ్గర డీజిల్ గుడ్డ అంటించి పట్టుకోవడం పాత పద్ధతి. ఈథర్ స్ప్రే కొట్టడం కొత్త పద్ధతి. హీటర్ ప్లగ్గులు ఎర్రగా ఉండగా ఈథర్ వదిలితే పిస్టన్ పైకి రాకముందే అది పేలుతుంది. రింగుల గాడులు విరుగుతాయి, ఒక్కోసారి పిస్టనే పగులుతుంది. పగలకపోయినా సిలిండరు గోడల మీది ఆయిలు పొర కడుక్కుపోయి నొక్కుడు ఇంకా తగ్గుతుంది. రేపు ఇంకాస్త ఈథర్ కావాలి. సెల్ఫ్‌ని పది, పదిహేను సెకన్లు కొట్టి ఒక నిమిషం చల్లారనిచ్చే అలవాటు మీకుంటే మానుకోండి. పొగలొచ్చేదాకా కొట్టండి. రిపేరు చేసేవాడూ బతకాలి. బండికి దిష్టి తీయించి నిమ్మకాయలు తొక్కిస్తే మాత్రం అభ్యంతరం చెప్పను. ఇక్కడ రాసిన చిట్కాలన్నిట్లోనూ బండికి నష్టం చేయనిది అదొక్కటే.

ఘాట్ మీద బండిని న్యూట్రల్‌లో దొర్లించి గేరు వేసి స్టార్టు చేసేవాళ్లని చూసి మీరు ముచ్చటపడి ఉంటారు. ఇది చిట్కాగా కూడా రాయను. డీజిల్ బండికి బ్రేకు బలం ఇచ్చే వ్యాక్యూమ్ పంపు ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది. ఆగిన ఇంజన్‌తో రెండుసార్లు బ్రేకు తొక్కాక పెడల్ రాయిలా గట్టిపడుతుంది. లంబసింగి నుంచి దిగే మలుపుల్లో మూడోసారి తొక్కవలసిన చోటు తప్పకుండా వస్తుంది.

ఇన్నీ పాటించాక ఒకనాటికి బండి మీద విసుగు పుడుతుంది, అమ్మేయాలనిపిస్తుంది. అప్పుడు చిక్కటి ఆయిలు పోయండి, స్లోస్పీడు ఇంకో చుట్టు పెంచండి, కొనేవాడు వచ్చే వేళకి అరగంట ముందే ఇంజన్ స్టార్టు చేసి కాచి ఉంచండి. మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. అమ్మేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇంతే. కొనబోయేవాళ్లకి ఒక మనవి: బేరానికి మధ్యాహ్నం వెళ్లకండి, తెల్లవారకముందే చెప్పకుండా వెళ్లండి, తాళం అడిగే ముందు ఇంజన్ మూత ఎత్తి హెడ్ మీద చెయ్యి ఆనించండి, వెచ్చగా తగిలితే టీ కూడా తాగకుండా వచ్చేయండి.